ఫోనుకు కొత్త ఆండ్రాయిడ్: ఇన్‌స్టాల్ నొక్కే ముందు

‘సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ సిద్ధంగా ఉంది’ అని ఫోనులో కనిపించగానే కొందరు ఆలోచించకుండా నొక్కేస్తారు. మరికొందరు నెలల తరబడి ‘తర్వాత’ అని వాయిదా వేస్తూనే ఉంటారు. రెండూ నష్టమే. ముందు చూడవలసింది, వచ్చినది సెక్యూరిటీ ప్యాచా (భద్రతా లోపాలను సరిచేసే చిన్న అప్‌డేట్), లేక ఆపరేటింగ్ సిస్టమ్ వెర్షనే మారుతోందా అన్నది. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టకూడదు. అప్‌డేట్ పేజీలో ‘ఆండ్రాయిడ్ 16’ అనో, కంపెనీ పెట్టుకున్న కొత్త వెర్షన్ పేరో ఉండి, సైజు జీబీల్లో ఉంటే అది వెర్షన్ మార్పు. నెల పేరు, సెక్యూరిటీ అన్న మాట ఉండి, కొన్ని వందల ఎంబీలే ఉంటే సాధారణంగా అది ప్యాచ్.

ప్యాచ్ అయితే ఆలస్యం వద్దు. 2015లో స్టేజ్‌ఫ్రైట్ అనే లోపం బయటపడింది. ప్రత్యేకంగా తయారుచేసిన ఎంఎంఎస్ ఒకటి పంపితే చాలు, దాన్ని తెరవకపోయినా ఆండ్రాయిడ్ ఫోనులోకి చొరబడే వీలుండేది. ఆ దెబ్బతోనే గూగుల్ నెలనెలా ప్యాచ్‌లు ఇవ్వడం మొదలుపెట్టింది. ఇప్పుడు మన బ్యాంకు ఖాతా, యూపీఐ, ఆధార్ ఓటీపీ అన్నీ ఆ చిన్న పెట్టెలోనే ఉన్నాయి. తలుపు గడియ ఊడిందని తెలిశాక బిగించడానికి వారాలు పట్టకూడదు.

వెర్షన్ మార్పు విషయంలో నా సలహా వేరు. మూడు నాలుగు వారాలు ఆగండి. పెద్ద కంపెనీలు కూడా మొదటి రోజుల్లో తప్పటడుగులు వేశాయి. 2014 సెప్టెంబరులో ఐఫోన్ల ఆపరేటింగ్ సిస్టమ్ ఐఓఎస్ 8.0.1 వేసుకున్న ఐఫోన్ 6 ఫోన్లలో చాలావాటికి సిగ్నల్ పోయింది, వేలిముద్ర పనిచేయలేదు. ఆపిల్ దాన్ని వెంటనే వెనక్కి తీసుకోవలసి వచ్చింది. 2023 అక్టోబరులో ఆండ్రాయిడ్ 14 వచ్చాక, ఒకటికి మించి యూజర్ ప్రొఫైళ్లున్న గూగుల్ సొంత పిక్సెల్ ఫోన్లు కొన్నిటిలో యజమానికే తన స్టోరేజీ తెరుచుకోలేదు. 2025 ఏప్రిల్‌లో కొరియాలో కొన్ని గెలాక్సీ ఎస్24 ఫోన్లు అన్‌లాక్ కావడం లేదని ఫిర్యాదులు రావడంతో శాంసంగ్ తన కొత్త వెర్షన్ వన్ యూఐ 7 పంపిణీని కొంతకాలం ఆపింది. ఆగినవాళ్లకు ఈ బాధలేవీ తగల్లేదు, సరిచేసిన వెర్షనే చేరింది. ఆ వారాల్లో మీ మోడల్ వాడేవాళ్లు ఏమంటున్నారో, మీ బ్యాంకు యాప్ కింద ప్లే స్టోర్‌లో తాజా రివ్యూలు ఎలా ఉన్నాయో చూడండి.

ఆగమనడానికి మరో కారణం, చాలా ఫోన్లలో ఒకసారి ఎక్కాక దిగే దారి ఉండదు. ఆపిల్ కొత్త ఐఓఎస్ ఇచ్చిన కొద్ది వారాలకే పాతదాన్ని మళ్లీ వేసుకోవడానికి అనుమతి నిలిపివేస్తుంది. 2022లో పిక్సెల్ 6 వరుస ఫోన్లకు ఆండ్రాయిడ్ 13 వేశాక మళ్లీ 12కు వెళ్లకుండా గూగుల్ కట్టడి పెట్టింది. ఎక్కడైనా వెనక్కి వెళ్లగలిగినా ఫోనంతా చెరిపేయక తప్పదు.

అందుకే అసలు పని బ్యాకప్. చాలామంది ‘గూగుల్ ఫొటోస్ ఉందిగా’ అని ధీమాగా ఉంటారు. మీరు విడిగా చెప్పకపోతే అది మామూలుగా కెమెరా ఫోల్డర్‌నే దాస్తుంది. వాట్సాప్‌లో వచ్చిన పెళ్లి ఫొటోలు, స్క్రీన్‌షాట్లు, డౌన్‌లోడ్ చేసుకున్న పత్రాలు అందులో ఉండకపోవచ్చు. సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఆ ఫొటోల ఫోల్డర్లనూ ఎంచుకోండి, పత్రాలను మాత్రం విడిగా దాచుకోండి. తర్వాత వేరే ఫోనులోనో కంప్యూటర్‌లోనో అదే ఖాతా తెరిచి, నిన్నటి ఫొటో అక్కడ ఉందో లేదో కళ్లారా చూడండి. వాట్సాప్‌లో చాట్ బ్యాకప్ పేజీ తెరిచి చివరి తేదీ చూడండి. ఆండ్రాయిడ్‌లో ఆ బ్యాకప్ కూడా గూగుల్ ఉచితంగా ఇచ్చే 15 జీబీలోంచే చోటు తీసుకుంటుంది కాబట్టి, చోటు నిండి ఎప్పుడో ఆగిపోయి ఉండవచ్చు. ఆ బ్యాకప్‌కు ఎన్‌క్రిప్షన్ (తాళం లాంటి రక్షణ) పెట్టుకుని ఉంటే దాని పాస్‌వర్డో, 64 అంకెల కీయో కాగితం మీద ఉండాలి. అది పోతే వాట్సాప్ వాళ్లు కూడా తెరిచి ఇవ్వలేరు. ఫోన్ నంబర్లు ఫోనులోనో సిమ్‌లోనో మిగిలిపోయాయా, గూగుల్ ఖాతాలోకి చేరాయా అన్నదీ చూసుకోవాలి.

అంతకన్నా ముఖ్యమైనది ఒకటుంది, దీన్ని దయచేసి తేలిగ్గా తీసుకోవద్దు. మన ఊళ్లలో ఎంతోమందికి ఫోను కొన్న రోజే దుకాణంలోని కుర్రాడు జీమెయిల్ ఖాతా చేసి ఇస్తాడు. ఆ పాస్‌వర్డు యజమానికి తెలియదు. అప్‌డేట్ చెడి, రికవరీ మెనూలోంచి ఫ్యాక్టరీ రీసెట్ (ఫోనంతా చెరిపి మొదటికి తేవడం) చేయవలసి వస్తే, ఫోను ముందున్న గూగుల్ ఖాతా వివరాలు అడుగుతుంది. దొంగల నుంచి కాపాడడానికి పెట్టిన ఆ ఏర్పాటు అప్పుడు సొంతదారునే బయట నిలబెడుతుంది. కాబట్టి ఇన్‌స్టాల్ నొక్కే ముందే ఆ ఖాతా పేరు చూసి, పాస్‌వర్డు మార్చి, రికవరీ నంబరుగా ఇంట్లో మరొకరిది కూడా ఇవ్వండి. అలాగే స్క్రీన్ పిన్ గుర్తుందో లేదో పరీక్షించుకోండి. ఫోను రీస్టార్ట్ అయినప్పుడు మొదటిసారి వేలిముద్ర చాలదు, పిన్నో ప్యాటర్నో కొట్టాలి. ఏళ్ల తరబడి వేలు పెట్టడమే అలవాటైనవాళ్లు సరిగ్గా అక్కడే చిక్కుకుంటారు.

మామూలుగా అప్‌డేట్ తర్వాత యూపీఐ అలాగే పనిచేస్తుంది. రీసెట్ దాకా వెళితే మాత్రం బ్యాంకుతో నమోదైన సిమ్ నుంచి ఎస్ఎంఎస్ వెళ్లాలి, అందుకు రీఛార్జి ఉండాలి. ఆ రోజుకు చేతిలో కొంత నగదు ఉంచుకోండి. ప్రయాణానికి ముందురోజు, హాల్‌టికెట్టో వీసా అపాయింట్‌మెంటో ఫోనులో ఉన్న వారం, ఆసుపత్రి పనులున్నప్పుడు వెర్షన్ జోలికి పోకండి. సంక్రాంతికి రైలెక్కే ముందు అసలే వద్దు.

పాత ఫోన్ల సంగతి ఇంకా జాగ్రత్తగా చూడాలి. బ్యాటరీ అరిగిన ఐఫోన్ల వేగాన్ని సాఫ్ట్‌వేర్‌తోనే తగ్గిస్తున్నట్టు ఆపిల్ 2017 డిసెంబరులో ఒప్పుకుంది. 2025లో గూగుల్ ఒక అప్‌డేట్ ద్వారా, 400 ఛార్జింగ్ సైకిళ్లు (పూర్తి ఛార్జింగ్‌లు) దాటిన పిక్సెల్ 6ఏ ఫోన్ల బ్యాటరీ సామర్థ్యాన్ని తగ్గించింది. వేడెక్కే ప్రమాదం తగ్గించడానికి చేసిన పని అది. స్టోరేజీ నిండి, బ్యాటరీ నీరసించిన నాలుగేళ్ల ఫోను కొత్త వెర్షన్‌తో కుర్రదైపోదు. పాత వెర్షన్‌కు ప్యాచ్‌లు ఇంకా వస్తున్నంతకాలం అక్కడే ఉండండి. కొత్తదానికి మారితేనే ప్యాచ్‌లు అని కంపెనీ తేల్చి చెబితే, మారడమే మంచిది.

వేసే రోజున యాప్‌లన్నీ ముందే అప్‌డేట్ చేసి, సగానికి పైగా ఛార్జింగ్, నమ్మకమైన వైఫై, కొన్ని జీబీల ఖాళీ ఉండేలా చూసుకోండి. పరుపు మీదా ఎండలోనూ కాకుండా గట్టి బల్ల మీద పెట్టండి. మధ్యలో పవర్ బటన్ ముట్టుకోవద్దు. తర్వాత ఒకటి రెండు రోజులు వేడి, ఛార్జింగ్ త్వరగా దిగడం మామూలే. వారం దాటినా తగ్గకపోతే అప్పుడు పట్టించుకోండి. అప్‌డేట్ ఎప్పుడూ ఫోను సెట్టింగ్స్‌లోంచే రావాలి. వాట్సాప్‌లోనో మెసేజ్‌లోనో వచ్చే ఏపీకే ఫైలు (యాప్‌ను ఇన్‌స్టాల్ చేసే ఫైలు) అప్‌డేట్ కాదు, మోసం.

అమ్మానాన్నల ఫోను గురించి ప్రత్యేకంగా చెప్పాలి. 2025 ఆగస్టులో గూగుల్ ఫోన్ యాప్ రూపం మారినప్పుడు, కాల్ ఎత్తే బటన్ కొత్తగా కనిపించి ఎందరో పెద్దవాళ్లు కంగారుపడ్డారు. అది ఒక్క యాప్ మార్పే. వెర్షన్ మారితే సెట్టింగ్స్, నోటిఫికేషన్లు అన్నీ స్థానం మారవచ్చు. అమెరికా నుంచో బెంగళూరు నుంచో ఫోనులో ‘అది నొక్కు నాన్నా’ అంటూ ఈ పని చేయించకండి. ఆటోమేటిక్ అప్‌డేట్ ఆపి ఉంచి, ప్యాచ్‌లు మాత్రం ఎప్పటికప్పుడు వేయించి, వెర్షన్ మార్పు ఇంటికి వెళ్లినప్పుడు పక్కన కూర్చుని చేయండి. అయ్యాక అక్షరాల సైజు, రింగ్‌టోన్ శబ్దం, తెలుగు కీబోర్డు, మందుల అలారం సరిచూడండి. ఒక కాల్ చేసి వాళ్ల చేతే ఎత్తించండి, వాళ్ల చేతే పెట్టేయించండి. ఒక రూపాయి యూపీఐలో పంపించి చూడండి. ఇవన్నీ తడబాటు లేకుండా వాళ్లే చేసేదాకా, ఒకటి రెండు రోజులు అక్కడే ఉండగలిగే సెలవుల్లోనే ఈ పని పెట్టుకోండి.