కేలరీల లెక్క ఎక్కడ తప్పుతోంది?

సమస్య: కేలరీలు లెక్కేసే యాప్ చెప్పినంతే తింటున్నా బరువు తగ్గట్లేదు.

కారణం: ముందు యాప్‌లో పెట్టిన యాక్టివిటీ లెవెల్ (రోజంతా ఎంత కదులుతామన్న లెక్క) చూడండి. పొద్దున గంట వాకింగ్ చేశాం కదా అని 'మోడరేట్' నొక్కేస్తాం. మిగతా రోజంతా కుర్చీలోనే. 35 ఏళ్లు, 70 కిలోలు, 170 సెంటీమీటర్లున్న మగవాడి లెక్క చూద్దాం. మిఫ్లిన్-సెయింట్ జియోర్ సూత్రం ప్రకారం బరువు×10 + ఎత్తు×6.25 − వయసు×5 + 5. (ఆడవాళ్లకైతే చివర 5 కలపకుండా 161 తీసేయాలి.) సుమారు 1,590 కేలరీలు వస్తుంది. కదలకుండా పడుకున్నా ఒంటికి ఖర్చయ్యేది అది. కూర్చునే పనికి 1.2తో గుణిస్తే 1,910, మోడరేట్‌కి 1.55తో అయితే 2,470. రోజుకు 560 తేడా! గంట మామూలు నడకకు ఆ మనిషికి ఖర్చయ్యేది మాత్రం 250 దాకా. అందులోనూ ఓ 70 ఊరికే కూర్చున్నా ఖర్చయ్యేవే.

పరిష్కారం: ఆఫీసు పని, రోజూ గంట నడక అయితే 1.375 (యాప్‌లో 'లైట్') పెట్టండి. నడక ఎప్పుడో ఒకసారైతే 1.2 చాలు. వాచీ చూపించే 'బర్న్' కేలరీలను దానిమీద మళ్లీ కలపొద్దు, అవి గుణకంలో ఉన్నవే.

సమస్య: లెవెల్ మార్చినా అంతే.

కారణం: వంటిల్లు. వంద గ్రాముల బియ్యంలో సుమారు 350 కేలరీలు, అంతే తూకం అన్నంలో 130. బియ్యం తూచి యాప్‌లో 'అన్నం' అని ఎక్కిస్తే సగానికి పైగా మాయం. ఇక నూనె. తాలింపులో ఎంత పడిందో ఎవరూ కొలవరు.

పరిష్కారం: నూనెను నెలకోసారి లెక్కేయండి. నలుగురికి నాలుగు లీటర్లయితే మనిషికి లీటరు, అంటే రోజుకు 270 కేలరీలు. ఆవకాయ మీద తేలే నూనె దీనికి అదనం, దాన్ని వదులుకోమని నేను చెప్పను.

సమస్య: నీరసం, బరువు పడిపోవడం.

కారణం, పరిష్కారం: తాపీ పని, పొలం పని చేసేవాళ్లు కూర్చునే పని లెక్క వాడితే ఇంతే. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020 లెక్కల్లో 65 కిలోల మగవాడికి కూర్చునే పనికి 2,110 కేలరీలు, బరువు పనికి 3,470. లెవెల్ సరిచేసినా బరువు పడిపోతుంటే డాక్టరుకు చూపించుకోండి. షుగరు, థైరాయిడ్ ఉన్నవాళ్లు, గర్భిణులు ముందే అడగాలి.

ఇంకా అనుమానమా? మూడు వారాలు రోజూ పొద్దున్నే, ఏమీ తినకముందు బరువు చూసి, వారం సగటు రాసుకోండి. సగటు కదలకపోతే మీరు రాసుకున్న తిండే మీ అవసరం. రాతలో తప్పున్నా రోజూ అదే తప్పు కాబట్టి ఫరవాలేదు. అందులోంచి 300 తగ్గించి చూడండి.