అమ్మ బంతిపూలు మా డాబా మీద

మిర్యాలగూడలో మా ఇంటి వెనక అమ్మ వేసే బంతిపూలు బతుకమ్మకు వాడకట్టు మొత్తానికి సరిపోయేవి. అమ్మ పోయాక ఆ విత్తనాలే నల్గొండలో మా డాబా మీద కుండీల్లో వేస్తే, నిరుడు మొక్కలు నడుమెత్తు పెరిగాయి గానీ ఆకులే తప్ప పువ్వు లేదు, కొన్న పూలతో బతుకమ్మ పేరుస్తుంటే ఏడుపొచ్చింది. యూరియా ఎక్కువైంది, పైగా నీళ్ల ట్యాంకు నీడ. ఈసారి జూలై మొదట్లో విత్తి, కుండీలు పూర్తి ఎండలోకి జరిపి, పశువుల ఎరువు మాత్రమే వేశాను. నెల దాటాక ప్రతి మొక్క తల గిల్లేశాను. చిన్నప్పుడు ఎందుకు గిల్లుతున్నావని గొడవపెడితే, "గిల్లితేనే కొమ్మలేస్తది బిడ్డా" అనేది అమ్మ. నిజమే, పక్కకొమ్మలు గుబురుగా వచ్చి అన్నిటికీ మొగ్గ పట్టింది. బతుకమ్మ మొదటి రోజైన ఎంగిలిపూల నాటికి తట్ట నిండింది. ఎండిన పూల విత్తనాలు పాత చీరముక్కలో మూటగట్టి దాచాను.