థీసిస్ నుంచి జర్నల్ వ్యాసం దాకా: బెంగళూరులోని తెలుగు నర్సుల కోసం

హిందూపురం, అనంతపురం, మదనపల్లె, కర్నూలు ప్రాంతాల నుంచి వచ్చి బెంగళూరులో ఎమ్మెస్సీ నర్సింగ్ చదివిన వారందరూ ఒక థీసిస్ రాసే ఉంటారు. సినాప్సిస్ (పరిశోధన ప్రణాళిక) నుంచి బైండింగ్ దాకా దాని కోసం ఎంతో శ్రమపడి, వార్డుల్లో రోగుల పక్కన కూర్చుని సమాచారం సేకరించి, వైవా ముగిశాక ఆ పుస్తకాన్ని కాలేజీ లైబ్రరీకి అప్పగించి ఉద్యోగాల్లో చేరిపోతారు. అందులో తేలిన విషయం ఆ అల్మారా దాటి బయటికి రాదు. ఇక్కడి ఒక నర్సింగ్ కాలేజీలో పరిశోధనా విధానం బోధిస్తూ ఏటా దీన్ని చూస్తున్నాను కనుక, థీసిస్‌ను జర్నల్‌లో అచ్చయ్యే వ్యాసంగా మార్చే పద్ధతిని వివరంగా రాస్తున్నాను.

వ్యాసమంటే కుదించిన థీసిస్ కాదని మొదట గుర్తించాలి. పరిశోధన ఎలా చేయాలో విద్యార్థికి తెలుసని పరీక్షకులకు నిరూపించడం కోసం థీసిస్ రాస్తాం. మరో ఆస్పత్రిలో పనిచేసే నర్సుకు ఇంతవరకు తెలియని ఒక్క సంగతిని, నమ్మదగిన ఆధారంతో చెప్పడం కోసం వ్యాసం రాస్తాం. అందువల్ల థీసిస్‌లో నాలుగైదు లక్ష్యాలు ఉంటే వాటిలో బలమైన జవాబు దొరికిన దాన్ని ఒక్కదాన్ని ఎంచుకుని, మిగిలిన వాటిని పక్కన పెట్టాలి. ముప్పై పేజీల సాహిత్య సమీక్ష మూడు పేరాలవుతుంది. సైద్ధాంతిక చట్రానికి గీసిన బొమ్మ చాలావరకు అవసరం ఉండదు. నర్సింగ్ జర్నళ్లలో అధిక భాగం 3,000 నుంచి 5,000 పదాల మధ్య వ్యాసాన్ని, సుమారు 250 పదాల అబ్‌స్ట్రాక్ట్‌ను, అంటే సారాంశాన్ని, అడుగుతాయి. ‘బెంగళూరులోని ఎంపిక చేసిన ఆస్పత్రులలో’ అంటూ నాలుగు వరుసలు సాగే థీసిస్ శీర్షికను కూడా, ఎవరి మీద ఏం పరిశీలించామో ఒక్క చూపులో తెలిసేటట్లు తగ్గించాలి.

మన కాలేజీల్లో ఎక్కువగా కనిపించే అంశం స్ట్రక్చర్డ్ టీచింగ్ ప్రోగ్రామ్. ఒకే బృందానికి ముందు పరీక్ష పెట్టి, పాఠం చెప్పి, ఏడు రోజుల తర్వాత మళ్లీ పరీక్ష పెడతాం, మార్కులు పెరుగుతాయి. పాఠం చెప్పిన వారం రోజులకు మార్కులు పెరగడంలో, జర్నల్ తరఫున వ్యాసాన్ని పరిశీలించే రివ్యూయర్‌కు కొత్తదనం కనిపించదు. పోల్చడానికి మరో బృందం లేనప్పుడు ఆ పెరుగుదల అంతా పాఠం వల్లనే వచ్చిందని చెప్పడానికీ వీలుండదు. అంతమాత్రాన ఆ డేటా వృథా కాదు. మొత్తం మార్కుల సగటును వదిలి, ఒక్కొక్క ప్రశ్నకు వచ్చిన జవాబులను విడిగా చూడండి. పాఠం విన్న తర్వాత కూడా ఎక్కువమంది తప్పుగానే జవాబిచ్చిన ప్రశ్నలు నాలుగైదు తప్పకుండా ఉంటాయి. మధుమేహ రోగులకు పాదాల సంరక్షణ నేర్పినప్పుడు, రోజూ పాదాలు చూసుకోవాలని అందరూ నేర్చుకుని, వేడినీళ్లలో కాళ్లు పెట్టుకోవడం ప్రమాదమని మాత్రం చాలామంది ఒప్పుకోలేదనుకుందాం. రేపు అదే పాఠం చెప్పబోయే నర్సుకు కావలసింది సరిగ్గా ఆ సమాచారమే, కనుక వ్యాసాన్ని దాని చుట్టూ నిర్మించాలి. గణాంకాల విషయంలో పి విలువ ఒక్కటే ఇచ్చి ఊరుకోకుండా, సగటుల మధ్య తేడాను, ప్రామాణిక విచలనాన్ని, 95 శాతం విశ్వాస అంతరాన్ని (కాన్ఫిడెన్స్ ఇంటర్వల్) తప్పక ఇవ్వాలి. సాఫ్ట్‌వేర్ 0.000 అని చూపించినా దాన్ని అలాగే దించకుండా 0.001 కంటే తక్కువ అని రాయాలి. అధ్యయనానికి ఉన్న పరిమితులను మీరే ముందుగా, దాపరికం లేకుండా చెప్పాలి.

ఇంకా డేటా సేకరణ మొదలుపెట్టని విద్యార్థులు ఈ భాగాన్ని మరింత జాగ్రత్తగా చదవాలి, ఎందుకంటే కొన్ని పనులను తర్వాత సరిదిద్దుకునే అవకాశం ఉండదు. ఎథిక్స్ కమిటీ అనుమతి మొదటి రోగితో మాట్లాడటానికి ముందే చేతికి రావాలి. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017లో వెలువరించిన నైతిక మార్గదర్శకాలు నర్సింగ్ పరిశోధనకూ వర్తిస్తాయి. రోగులకు ఏదైనా కొత్త చర్యను అందించి దాని ఫలితాన్ని కొలిచే అధ్యయనమైతే, అది మందు కాకపోయినా, క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ ఇండియాలో నమోదు చేయాలి. 2018 ఏప్రిల్ 1 నుంచి ఆ రిజిస్ట్రీ ముందస్తు నమోదును మాత్రమే స్వీకరిస్తోంది. నమోదు సంఖ్య లేని ట్రయల్‌ను మంచి జర్నళ్లు రివ్యూకు పంపకుండానే తిప్పి పంపుతాయి. ఎవరో తయారుచేసిన స్కేలును (కొలిచేందుకు వాడే ప్రశ్నావళిని) వాడేటప్పుడు రాతపూర్వక అనుమతి తీసుకోవడం కూడా ఇలాంటిదే. మందులు క్రమం తప్పకుండా వాడుతున్నారా అని కొలిచే ఒక ప్రసిద్ధ స్కేలును లైసెన్సు లేకుండా వాడినందుకు, అచ్చయిన వ్యాసాలను వెనక్కి తీసుకోవలసి వచ్చిన సందర్భాలున్నాయి.

బెంగళూరులో పనిచేసే తెలుగు నర్సులకు ప్రత్యేకంగా సంబంధించిన విషయం భాష. మానసిక, నరాల వ్యాధుల నిమ్హాన్స్‌కు, క్యాన్సర్ ఆస్పత్రి కిద్వాయ్‌కు, గుండె ఆస్పత్రి జయదేవకు రాయలసీమ జిల్లాల నుంచి రోగులు వస్తూనే ఉంటారు. వాళ్లతో తెలుగులో మాట్లాడి సేకరించిన సమాచారాన్ని మనం ఇంగ్లీషులో రాస్తాం. ఆ రెండింటి మధ్య జరిగే అనువాదం గురించి చాలా థీసిస్‌లలో ‘ప్రశ్నావళిని స్థానిక భాషలోకి అనువదించడమైనది’ అన్న ఒక్క వాక్యం తప్ప మరేమీ ఉండదు. రివ్యూయర్లు సరిగ్గా అక్కడే ఆగుతారు. ఇద్దరు వేర్వేరుగా తెలుగులోకి అనువదించారా, అసలు స్కేలును చూడని మరొకరు దాన్ని తిరిగి ఇంగ్లీషులోకి మార్చారా, తేడా వచ్చిన పదాల గురించి కలిసి చర్చించారా, పదిమంది రోగులతో చదివించి వాళ్లకు ఎలా అర్థమైందో అడిగి చూశారా అన్నవన్నీ వ్యాసంలో రాయాలి.

ఈ శ్రమ ఎందుకంటే, మన పదాలు ఇంగ్లీషు పదాలకు అచ్చంగా సరిపోవు. ఆయాసం అని రోగి అన్నప్పుడు ఊపిరి అందకపోవడమూ కావచ్చు, మెట్లెక్కి అలసిపోవడమూ కావచ్చు. నీరసం అన్న మాటలో ఒంట్లో శక్తి లేకపోవడం, ఏ పనీ చేయబుద్ధి కాకపోవడం రెండూ కలిసి ఉంటాయి. మానసిక ఆరోగ్యం మీద చేసే అధ్యయనంలో ఆ తేడా ఫలితాన్నే మార్చేస్తుంది. కాళ్లు పీకుతున్నాయనడం, తిమ్మిరెక్కాయనడం, మంటలనడం వేర్వేరు బాధలు కాగా, మూడింటినీ నొప్పి అన్న ఒకే గడిలో వేస్తే మధుమేహ రోగి నరాల గురించి చెప్పిన ముఖ్యమైన సంగతి పోతుంది. గుణాత్మక అధ్యయనంలో రోగుల మాటలను ఉటంకించేటప్పుడు అటువంటి పదాన్ని తెలుగులోనే ఉంచి, పక్కన దాని అర్థాన్ని వివరించడం మంచి పద్ధతి. ‘పూర్తిగా అంగీకరిస్తాను’ మొదలుకొని ‘అస్సలు అంగీకరించను’ దాకా ఐదు మెట్లున్న ప్రశ్నలకు పెద్దవయసు వాళ్లు ‘మీరెట్ల చెప్తే అట్లేమ్మా’ అని జవాబు చెప్పడం మనలో చాలామందికి అనుభవమే. చికిత్స చేసే నర్సే ప్రశ్నలు అడగడం వల్ల వచ్చే ఈ మొహమాటాన్ని అధ్యయనపు పరిమితిగా నమోదు చేయాలి. వీలైతే ఆ వార్డులో డ్యూటీ చేయని వారితో అడిగించాలి.

రాయడానికి కూర్చున్నప్పుడు మొదటి పేజీ నుంచి మొదలుపెట్టవద్దు. ముందు రెండు మూడు పట్టికలు సిద్ధం చేసుకుని, వాటిని వివరిస్తూ ఫలితాలు రాసి, ఆ తర్వాత విధానం, చర్చ, ఉపోద్ఘాతం పూర్తిచేసి, అబ్‌స్ట్రాక్ట్‌ను చివర రాస్తే పని తేలికవుతుంది. అధ్యయన రకాన్ని బట్టి నివేదికలో ఏమేమి ఉండాలో చెప్పే జాబితాలు ఈక్వేటర్ నెట్‌వర్క్ వెబ్‌సైటులో ఉచితంగా దొరుకుతాయి. సర్వే వంటి పరిశీలనాత్మక అధ్యయనాలకు స్ట్రోబ్‌లో 22 అంశాలు, ఇంటర్వ్యూల మీద ఆధారపడిన వాటికి కోరెక్‌లో 32 అంశాలు, క్రమబద్ధ సమీక్షలకు ప్రిస్మాలో 27 అంశాలు ఉన్నాయి. పాల్గొనేవారిని బృందాలకు యాదృచ్ఛికంగా కేటాయించిన ట్రయల్‌కు కన్సార్ట్, అలా కేటాయించని ట్రయల్‌కు ట్రెండ్ వాడతారు. రాసిన తర్వాత టిక్కులు పెట్టడానికి కాక, రాయక ముందే పక్కన పెట్టుకోవడానికి ఇవి ఎక్కువ పనికివస్తాయి.

పాత వ్యాసాల కోసం వైద్య వ్యాసాల సూచిక అయిన పబ్‌మెడ్‌లో వెతికేటప్పుడు మెష్ పదాలను (ఒక్కో అంశానికి అది స్థిరపరచిన శీర్షికలను) వాడటం నేర్చుకోవాలి. రాజీవ్ గాంధీ ఆరోగ్య విశ్వవిద్యాలయం అనుబంధ కాలేజీల విద్యార్థులకు ఆ విశ్వవిద్యాలయపు ఆన్‌లైన్ గ్రంథాలయ సేవ హెలినెట్ ద్వారా చందా జర్నళ్లు కూడా అందుతాయి. లైబ్రేరియన్‌ను అడిగి లాగిన్ తీసుకోండి. చదవని వ్యాసాన్ని మరొకరి ఉటంకింపు చూసి పేర్కొనవద్దు. ఉటంకింపులను జోటెరో వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో పెట్టుకుంటే, జర్నల్ మారినప్పుడు వాంకూవర్ శైలి నుంచి ఏపీఏ శైలికి మార్చడం క్షణాల పని.

రచయితల పేర్ల దగ్గర వచ్చే ఇబ్బందిని ముందుగానే పరిష్కరించుకోవాలి. వైద్య జర్నళ్ల సంపాదకుల అంతర్జాతీయ సంఘం నాలుగు షరతులు పెట్టింది: అధ్యయన రూపకల్పనలో గానీ డేటా సేకరణ, విశ్లేషణలలో గానీ గణనీయంగా పాలుపంచుకోవడం, వ్యాసాన్ని రాయడం లేదా లోతుగా సవరించడం, చివరి ప్రతిని ఆమోదించడం, అందులోని ప్రతి అంశానికీ బాధ్యత వహించడం. ఈ నాలుగూ నెరవేర్చిన వారే రచయితలు. గైడు మేడమ్‌కు ఉన్న గౌరవం వల్లనో ప్రిన్సిపాల్ పదవి వల్లనో పేరు చేర్చడం సరికాదు. అలాగే, నిజంగా దారి చూపి వ్యాసాన్ని సవరించిన గైడు పేరు తీసేయడమూ సరికాదు. ఇంగ్లీషు సరిదిద్దడానికి ఏఐ సాధనాన్ని వాడితే ఆ విషయాన్ని వెల్లడించాలి, దాన్ని రచయితగా చూపకూడదు. పేర్ల క్రమం సినాప్సిస్ రోజుల్లోనే మాట్లాడుకుని, ఒక ఈమెయిల్‌లో రాసి అందరికీ పంపితే తర్వాత మనస్తాపాలుండవు.

ఇక జర్నల్ ఎంపిక. ‘గౌరవనీయులైన ఆచార్యులకు’ అంటూ పొగడ్తలతో ఈమెయిల్ పంపి, రెండు మూడు రోజుల్లో అంగీకరిస్తామని చెప్పి, వెంటనే రుసుము అడిగే పత్రికలకు దూరంగా ఉండండి. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను అటువంటి ఒక పత్రికకు వ్యాసం పంపి డబ్బు కట్టాను. ఒక్క అక్షరం మార్చకుండా వేశారు, రెండేళ్లకు ఆ వెబ్‌సైటే మాయమైంది, ఆ డేటాను మళ్లీ మరో చోట ప్రచురించే హక్కు కూడా లేకుండా పోయింది. ఆ బాధ నా విద్యార్థులకు కలగకూడదు. ఐఎస్ఎస్ఎన్ అనేది పత్రికకు ఇచ్చే గుర్తింపు సంఖ్య మాత్రమే, నాణ్యతకు హామీ కాదు. గూగుల్ స్కాలర్‌లో కనిపించడమూ హామీ కాదు. యూజీసీ తాను గుర్తించిన జర్నళ్ల పేర్లుండే కేర్ జాబితాను 2025లో నిలిపివేసింది కనుక, పరిశీలన బాధ్యత ఇప్పుడు ఎక్కువగా రచయితదే. జర్నల్ వెబ్‌సైటు చెప్పుకునే మాటను నమ్మకుండా, జర్నళ్ల సూచిక అయిన స్కోపస్ జాబితాలో గానీ, అమెరికా జాతీయ వైద్య గ్రంథాలయపు కేటలాగులో మెడ్‌లైన్ సూచికలో ఉన్నట్లు గానీ, అందరూ ఉచితంగా చదవగల జర్నళ్ల జాబితా డీఓఏజేలో గానీ మీరే వెళ్లి పేరు వెతకండి. రచయితల నుంచి డబ్బు తీసుకోని జర్నళ్లను డీఓఏజేలో విడిగా చూడవచ్చు. మన దేశంలో ట్రెయిన్డ్ నర్సెస్ అసోసియేషన్ 1910 నుంచి నడుపుతున్న నర్సింగ్ జర్నల్ ఆఫ్ ఇండియా ఉంది. మానసిక ఆరోగ్య నర్సింగ్‌కు ఇండియన్ జర్నల్ ఆఫ్ సైకియాట్రిక్ నర్సింగ్ ఉంది. మీ అంశానికి దగ్గరైన జర్నల్ తాజా సంచికలు రెండు పూర్తిగా చదివిన తర్వాతే నిర్ణయించుకోండి.

ఒక సమయంలో ఒకే జర్నల్‌కు పంపాలి. ఈ వ్యాసం ఎమ్మెస్సీ థీసిస్ నుంచి వచ్చిందని కవర్ లెటర్‌లో స్పష్టంగా చెప్పాలి, ఎందుకంటే యూనివర్సిటీ భాండాగారంలో ఉన్న థీసిస్‌తో పోలికలు కాపీని పట్టే సాఫ్ట్‌వేర్‌లో కనిపించవచ్చు. జవాబుకు నెలలు పడుతుంది. పెద్ద మార్పులు చేయమని అడిగితే నిరుత్సాహపడవద్దు, అది తిరస్కారం కాదు. ప్రతి రివ్యూయర్ వ్యాఖ్యను ఉన్నదున్నట్లు దించి, దాని కింద మీ జవాబును, మార్పు ఏ పేజీలో ఏ వరుసలో చేశారో రాయాలి. ఒప్పుకోలేని వ్యాఖ్య ఉంటే ఆధారం చూపి మర్యాదగా విభేదించవచ్చు. మౌనంగా వదిలేయడం మాత్రం కుదరదు.

మన పేర్ల విషయంలో ఒక జాగ్రత్త అవసరం. జర్నళ్లు చివరి మాటను ఇంటిపేరుగా తీసుకుంటాయి, మనం ఇంటిపేరును ముందు పొడి అక్షరంగా రాస్తాం. పదో తరగతి సర్టిఫికెట్‌లో ఒకలా, నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్‌లో ఒకలా, పెళ్లయిన తర్వాత మరోలా పేరు ఉంటే ఒకే మనిషి రాసిన వ్యాసాలు ముగ్గురివిగా లెక్కకు వస్తాయి. మొదటి వ్యాసం పంపేటప్పుడే ఒక రూపాన్ని స్థిరపరచుకుని, పరిశోధకులకు ఇచ్చే 16 అంకెల ఆర్కిడ్ గుర్తింపు సంఖ్యను ఉచితంగా తీసుకుని ప్రతిచోటా దాన్నే వాడండి. అంగీకారం వచ్చాక జర్నల్ పంపే ప్రూఫును (అచ్చుకు ముందు సరిచూసే ప్రతిని) సాధారణంగా రెండు మూడు రోజుల్లో తిరిగి పంపాలి; అందులో పేరు, కాలేజీ చిరునామా, పట్టికల్లోని దశాంశ బిందువులు మరొకరితో బిగ్గరగా చదివించుకుంటూ సరిచూడండి. వ్యాసం వెలువడిన రోజున దాని ప్రతిని ఒకటి, సారాంశాన్ని ఒక పేజీ తెలుగులో, మరో పేజీ కన్నడలో రాసి, మీరు డేటా సేకరించిన వార్డు ఇన్‌చార్జి సిస్టర్‌కు స్వయంగా ఇచ్చి రండి.