ఆరుగురు పిల్లలతో ఇంటి బడి: పొద్దుటి ప్రార్థన నుంచి ఓపెన్ స్కూల్ దాకా

ఆరుగురు పిల్లలు కాబట్టి ఆరు తరగతులని టైంటేబుల్ గీసుకుంటే వారం తిరక్కుండానే తల్లి మంచమెక్కుతుంది. ఇంట్లో నడపాల్సినవి రెండే: అందరూ కలిసి కూర్చునే పాఠం, ఒక్కొక్కరుగా తల్లి పక్కన కూర్చునే పాఠం. రెండోదాంట్లోకి లెక్కలు, చదవడం, రాయడం తప్ప ఇంకేదీ రానివ్వొద్దు. సైన్సు, సోషల్, పద్యాలు అందరికీ కలిపే. నీటి చక్రం చెబుతున్నారనుకోండి, ఐదేళ్లవాడు బొమ్మ వేస్తాడు, పదేళ్ల పిల్ల ఐదు వాక్యాలు రాస్తుంది, పద్నాలుగేళ్లవాడు తన పుస్తకంలో ఆ పాఠం తీసి ప్రశ్నలకు జవాబులు రాసుకుంటాడు.

గంటలు రాసిపెట్టుకోకండి, వరుస పెట్టుకోండి: ప్రార్థన, టిఫిన్, కలిసి పాఠం, ఒక్కొక్కరి లెక్కలు, భోజనం, చిన్నవాళ్ల నిద్ర, ఆ నిద్రలో పెద్దవాళ్ల చదువు. టిఫిన్ అరగంట ఆలస్యమైనా వరుస చెడదు. హైదరాబాద్‌లో చాలా కాలనీలకు నల్లా రోజు విడిచి రోజు వస్తుంది. నల్లా వచ్చే పూట కొత్త లెక్క మొదలుపెట్టొద్దు. మోటరు ఒకరికి, డ్రమ్ములు ఒకరికి, బట్టలు ఒకరికి పంచేసి, ఆ పూట ఎక్కాలతో, చూచిరాతతో సరిపెట్టండి.

కుటుంబ ప్రార్థన 20 నిమిషాలు దాటకూడదు. కీర్తన రెండు చరణాలు, వాక్యభాగం, కంఠత వాక్యం, ప్రార్థన. బైబిలులోని సామెతల గ్రంథంలో 31 అధ్యాయాలు ఉన్నాయి కాబట్టి ఏ తేదీకి ఆ అధ్యాయం చదవండి. ఒకరోజు తప్పిపోయినా వెనక్కి వెళ్లే పని లేదు. కంఠతకు కీర్తనల గ్రంథంలోని 119వ కీర్తన బాగుంటుంది. 176 వచనాలు, ఎనిమిదేసి చొప్పున 22 భాగాలు. వారానికి రెండు వచనాలైతే నాలుగు వారాలకు ఒక భాగం వచ్చేస్తుంది. మన పాత తెలుగు బైబిలు గ్రాంథికంలో ఉంటుంది, చిన్నపిల్లలకు సగం మాటలు అందవు. అందుకని చదివిన వచనాన్ని పెద్దపిల్లల్లో ఒకరు ఇంట్లో మాట్లాడుకునే తెలుగులో చెప్పాలి. చెప్పలేకపోతే వాళ్లకూ అర్థం కాలేదన్నమాట. ఇక ప్రార్థన గాడి తప్పేది ఎక్కువగా నాన్న దాన్ని ప్రసంగంగా మార్చినప్పుడే.

లెక్కలకు ఒక్కొక్కరికి 20 నిమిషాలు ఇవ్వండి, అదీ చిన్నవాళ్లతో మొదలుపెట్టి. పదకొండు దాటితే వాళ్లకు ఓపిక ఉండదు. పైగా ముందే అమ్మ దగ్గర కూర్చున్న పిల్లలు తర్వాత మాటిమాటికీ వచ్చి కొంగు పట్టుకోరు. మిగతావాళ్లకు లెక్క ఆగిపోతే మార్జిన్‌లో ప్రశ్న గుర్తు పెట్టి తర్వాతి లెక్కకు వెళ్లాలి, లేచి రాకూడదు. ఈ ఒక్క నియమం సడలిందంటే ఎవరి దగ్గరా కుదురుగా కూర్చోలేరు.

అక్కతో చెల్లికి కొత్త లెక్క చెప్పించొద్దు. ఎక్కాలు అప్పజెప్పించుకోవడం, చదువుతుంటే వినడం వరకే అక్క పని. కొత్త లెక్కయితే అక్క జవాబు చెప్పేస్తుంది, తప్పు ఎక్కడుందో బయటపడదు. 52లోంచి 27 తీసేయమంటే పిల్ల 35 అని రాసిందనుకోండి. అది అజాగ్రత్త కాదు. 2లోంచి 7 పోదు కాబట్టి 7లోంచే 2 తీసేసింది. అగ్గిపుల్లలు పదేసి చొప్పున రబ్బరు బ్యాండు వేసి ఐదు కట్టలు, విడిగా రెండు పుల్లలు ముందు పెట్టండి. ఏడు పుల్లలు ఇమ్మనండి. విడిగా ఉన్నవి రెండే, కట్ట విప్పక తప్పదు. విప్పితే 12, ఏడు ఇస్తే ఐదు మిగులుతాయి. తర్వాత రెండు కట్టలు అడగండి. నాలుగింట్లో రెండు పోతే రెండు. 25. చేతికి అలవాటయ్యేదాకా పుల్లలతోనే చేయించి, ఆ తర్వాతే కాగితం మీద అప్పు తేవడం చూపించండి.

రెండేళ్ల బిడ్డకు పాఠాల వేళ మాత్రమే బయటికి తీసే బొమ్మల డబ్బా ఒకటి ఉంచండి. రోజంతా కళ్లముందుంటే మూడోరోజుకే మోజు పోతుంది.

వంటకు, ఎనిమిది మందికి పూటకు 900 గ్రాముల బియ్యం, పావు కిలో కందిపప్పు లెక్క. ఎదిగే మగపిల్లలుంటే బియ్యం కిలో దాటుతుంది. అర కిలో మినపగుళ్లకు కిలో ఇడ్లీరవ్వ కలిపితే రెండు పూటల టిఫిన్ వెళ్తుంది. ఏప్రిల్, మేలో పిండంతా రాత్రి బయట వదిలేస్తే తెల్లారేసరికి పుల్లబడుతుంది. రుబ్బగానే సగం ఫ్రిజ్‌లో పెట్టేయండి, ఉప్పు పొద్దున కలపండి.

బడికి వెళ్లకుండానే పదో తరగతి పరీక్ష రాయడానికి ఎన్‌ఐఓఎస్ (కేంద్ర ప్రభుత్వ ఓపెన్ స్కూల్) గానీ తెలంగాణ ఓపెన్ స్కూల్ సొసైటీ గానీ ఉన్నాయి. రెండింటికీ 14 ఏళ్లు నిండాలి. ఎన్‌ఐఓఎస్‌లో పాసవడానికి ఐదు సబ్జెక్టులు కావాలి, రిజిస్ట్రేషన్ ఐదేళ్లు చెల్లుతుంది, పరీక్షలు ఏడాదికి రెండుసార్లు. అన్నీ ఒకేసారి రాయనక్కర్లేదు. పెద్దవాడు ఒక విడత రెండు, ఇంకో విడత మూడు రాస్తే ఇల్లంతా పరీక్షల జ్వరంతో మూలగదు. చిక్కొచ్చేది పేరు దగ్గర: జనన ధ్రువీకరణ పత్రంలో ఒక పేరు, బాప్తిస్మం పేరు ఇంకొకటి, ఆధార్‌లో ఇంటిపేరు పొడి అక్షరం. పిల్లవాడికి 13 ఏళ్లు వచ్చేసరికే మూడూ ఒక స్పెల్లింగుకు తెచ్చుకోండి, ఫారం నింపే వారంలో అది అయ్యే పని కాదు. చట్టం మాటకొస్తే, 2009 విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల పిల్లలందరినీ బడిలో ఉండాల్సినవాళ్లుగానే చూస్తుంది. కాబట్టి ఎవరైనా అడిగితే చూపించేలా ఒక్కో పిల్లకు ఒక నోటుబుక్కు పెట్టి, వారం వారం తేదీ, పాఠం, పేజీ నంబరు రాసి ఉంచుకోండి.

పాత పుస్తకాలకు ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్, మిగతా రోజుల్లో కోఠి. ఆరాధన అయ్యాక వెళ్లినా మంచివి దొరుకుతాయి. పాఠ్యపుస్తకమైతే మొదట ముద్రణ సంవత్సరం చూడండి, సిలబస్ మారిపోయి ఉండొచ్చు. వర్క్‌బుక్కు అయితే మధ్యలో పేజీలు తిప్పి చూడండి. పెన్సిల్‌తో నింపింది చెరుపుకోవచ్చు గానీ పెన్నుతో నింపింది పది రూపాయలకిచ్చినా తీసుకోవద్దు.