పాస్‌వర్డ్ మార్చీసినా ఎకౌంట్‌లోకి ఎవరో దూరుతున్నారా?

విజయనగరంలో మూడు లాంతర్లకి దగ్గర్లో మాది చిన్న సర్వీసు షాపు. స్క్రీన్లు, బ్యాటరీలు మార్చడం మా అసలు పని. కానీ ఫలానా కంపెనీ డేటా లీకయిందని పేపర్లో పడ్డ మర్నాడు మాత్రం స్క్రీన్ పగలనివాళ్లే ఎక్కువమంది వస్తారు. పాస్‌వర్డ్ మార్చడం ఎలాగో, ఓటీపీ ఎవరికీ చెప్పకూడదనో ఇక్కడ రాయను. అవి మీకు తెలుసు. తెలిసీ వదిలేసేవి రాస్తాను.

లీకైంది ఒక సైట్లో, దొంగ దూరింది ఇంకో దాంట్లో

కారణం: రెండింటికీ ఒకటే పాస్‌వర్డ్. పదిలో తొమ్మిది కేసులు ఇవేనని నా లెక్క. లీకైన సైటు పాస్‌వర్డ్ మార్చి చేతులు దులుపుకుంటారు. "మెయిల్‌కి కూడా అదే పెట్టారా?" అని అడిగితే నవ్వుతారు. ఆ నవ్వుతోనే నాకు జవాబు దొరికిపోతుంది.

దొంగ మిమ్మల్ని ఏరికోరి పట్టుకోలేదు. లీకైన మెయిల్ ఐడీలు, పాస్‌వర్డ్‌ల జాబితాని ఒక ప్రోగ్రాంకి అప్పగిస్తే, అది ఒక్కో జతనీ వందల సైట్లలో వేసి చూస్తుంది. ఎక్కడ తెరుచుకుంటే అక్కడ దూరతాడు. "అది ఎప్పటిదో పాత పాస్‌వర్డ్ బాబూ" అన్న ధీమా కూడా వద్దు. ఉద్యోగాల కోసం వాడే లింక్డిన్ సైటు నుంచి 2012లో కొట్టేసిన పాస్‌వర్డ్‌లు 2016లో అమ్మకానికొచ్చాయి. నాలుగేళ్లయినా వాటిని మార్చనివాళ్లు బోలెడంత మంది.

మీ మెయిల్ ఐడీ ఏయే లీకుల్లో ఉందో చూడ్డానికి ట్రాయ్ హంట్ అనే ఆస్ట్రేలియా ఆయన 2013లో పెట్టిన 'హ్యావ్ ఐ బీన్ పోన్డ్' సైటు ఉంది, ఉచితమే. అందులో లీకు పేరు చూసి ఆగిపోకండి, ఏం పోయిందో చదవండి. 2021లో ఎయిరిండియా ప్రయాణికుల వివరాలు 45 లక్షల మందివి బయటపడ్డాయి. వాటిలో పాస్‌పోర్ట్, టికెట్ వివరాలున్నాయి గాని, పాస్‌వర్డ్‌లు పోలేదని ఆ సంస్థ చెప్పింది. అలాంటి లీకుకి పాస్‌వర్డ్ మార్చినా ఒరిగేదేమీ లేదు. మీ ప్రయాణం వివరాలు గడగడా చెప్పి "సార్, ఎయిర్‌లైన్స్ నుంచి మాట్లాడుతున్నాం" అనేవాణ్ని నమ్మకుండా ఉండాలి, అంతే.

పాస్‌వర్డే పోతే ముందు మెయిల్‌ది మార్చండి. తర్వాత డబ్బుకి సంబంధించినవి, ఆ తర్వాత మిగతావి. చివర్న 123 తీసి 124 పెట్టడం మార్పు కాదు. అమ్మవారి పేరు, పిల్లల పేరు, ఏపీ 35తో మొదలయ్యే బండి నంబరు కూడా వద్దు. గుర్తుండవంటే పాస్‌వర్డ్‌లన్నీ దాచిపెట్టే యాప్, అదే పాస్‌వర్డ్ మేనేజర్ వాడండి. అదీ కుదరకపోతే నోటుబుక్కులో రాసి బీరువాలో పెట్టుకోండి. ఈ మాటకి నన్ను తిట్టేవాళ్లున్నారు గాని, జాబితాలు కొనే దొంగ మీ బీరువా దాకా రాడు.

మెయిల్ పాస్‌వర్డ్ మార్చాక కూడా మిగతా ఎకౌంట్లు పోతున్నాయి

నేను అడ్డంగా దెబ్బతిన్నది ఇక్కడే.

పలాస నుంచి ఒక జీడిపప్పు వ్యాపారి వచ్చాడు. మా పెద్దబావకి తెలిసినాయన. షాపింగ్ ఎకౌంట్‌లో ఎవరో దూరి అడ్రస్ మార్చి ఆర్డర్లు పెట్టారు. మెయిల్‌కీ దానికీ ఒకటే పాస్‌వర్డ్. రెండూ మార్చి, పాస్‌వర్డ్‌తో పాటు ఇంకో కోడ్ కూడా అడిగే టూ స్టెప్ పెట్టి పంపించాను. నాలుగు రోజులకి మళ్లీ వచ్చాడు. ఈసారి షాపింగ్‌తో పాటు ఫేస్‌బుక్ కూడా పోయింది. మళ్లీ అన్నీ మార్చాను. ఫోన్లో వైరస్ ఉందేమోనని మొత్తం రీసెట్ చేశాను. పాపం, ఆయన ఫోటోలు కొన్ని పోయాయి. వారం తిరక్కుండా మూడోసారి.

"ఏటి బాబూ, నువ్వు మార్చీసానంటావు, ఆడు దూరీసానంటాడు. నీకూ ఆడికీ ఏటైనా ఒప్పందమా?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గాని నాకు తల కొట్టేసినట్టయింది.

విచిత్రమేంటంటే మెయిల్‌లోకి కొత్తగా ఎవరూ లాగిన్ కాలేదు. అలర్ట్ రాలేదు, డివైజుల జాబితాలో ఆయన ఫోనొక్కటే ఉంది. మరి షాపింగ్ సైటు పాస్‌వర్డ్ ఎలా మారింది? 'ఫర్గాట్ పాస్‌వర్డ్' నొక్కితే రీసెట్ మెయిల్ రావాలి కదా, అది ఇన్‌బాక్స్‌లో ఏదీ? వెతగ్గా వెతగ్గా, డిలీట్ చేసిన మెయిళ్లు పడే బిన్‌లో దొరికింది. ఒకటి కాదు, వరసగా ఉన్నాయి. ఆయన డిలీట్ చేయలేదు.

అప్పుడు కంప్యూటర్లో జీమెయిల్ తెరిచి చూస్తే ఒక ఫిల్టర్ ఉంది, అంటే వచ్చిన మెయిల్‌ని ఏం చెయ్యాలో ముందే చెప్పిపెట్టే రూలు. ఓటీపీ, పాస్‌వర్డ్, రీసెట్ అన్న మాటలున్న మెయిల్ ఏదొచ్చినా ఫలానా అడ్రస్‌కి ఫార్వర్డ్ చెయ్యి, ఇక్కడ డిలీట్ చెయ్యి అని. మొదటిసారి దూరినప్పుడే పెట్టి వెళ్లాడు. ఆ తర్వాత వాడికి మెయిల్‌లోకి రావాల్సిన పనే లేదు. షాపింగ్ సైట్లో కూర్చుని 'ఫర్గాట్ పాస్‌వర్డ్' నొక్కితే చాలు, మన మెయిలే లింకు మోసుకెళ్లి వాడికిస్తుంది. నేను చేసిందల్లా ఇంటి తాళం మార్చడం. వాడు పోస్టాఫీసులో "మా ఉత్తరాలు ఈ అడ్రస్‌కి పంపండి" అని కాగితం ఇచ్చి వెళ్లాడు. ఇంటి తాళం మారిస్తే ఆ కాగితం రద్దవుతుందా?

ఇది ఎందుకు దొరకదంటే, ఫోన్లోని జీమెయిల్ యాప్‌లో ఫిల్టర్లు, ఫార్వర్డింగ్ కనబడవు. మన దగ్గర చాలామందికి ఫోనే కంప్యూటర్. మెయిల్‌ని బ్రౌజర్లో ఒక్కసారి కూడా తెరవనివాళ్లు ఉన్నారు. అలాంటివాళ్ల దగ్గర ఆ ఫిల్టర్ ఏళ్లకి ఏళ్లు ఉండిపోగలదు.

ఫోన్లోనే దొరికే ఆనవాలు ఒకటుంది: బిన్. మీరు డిలీట్ చేయని బ్యాంకు మెయిళ్లో, రీసెట్ మెయిళ్లో అందులో కనబడితే ఫిల్టర్ మీద అనుమానపడండి. జీమెయిల్ బిన్‌లో మెయిల్ 30 రోజులే ఉంటుంది, అందుకని ఆలస్యం చేయకండి. బిన్ ఖాళీగా ఉందని నిశ్చింతగానూ ఉండకండి. డిలీట్ చేయకుండా కాపీ పంపించేవాడూ ఉంటాడు.

ఇక పరిష్కారం. వరస తప్పితే మళ్లీ నా దగ్గరికే వస్తారు.

మీ ఇంట్లోదో, నమ్మకస్తుడిదో కంప్యూటర్ పట్టుకోండి. నెట్ సెంటర్ వద్దు. తప్పనిసరైతే బ్రౌజర్లో ఇన్‌కాగ్నిటో (చూసినవి దాచుకోని విండో)లో తెరిచి, పనయ్యాక సైన్ అవుట్ చేయండి. నా షాపులోనైనా ఇదే రూలు. జీమెయిల్‌లో గేరు గుర్తు నొక్కి 'సీ ఆల్ సెట్టింగ్స్'లోకి వెళ్లండి. 'ఫిల్టర్స్ అండ్ బ్లాక్‌డ్ అడ్రసెస్' అన్న చోట మీరు పెట్టని ఫిల్టర్ ఉంటే, ముందు ఫోటో తీసుకోండి, ఫిర్యాదుకి పనికొస్తుంది. తర్వాత తీసేయండి. పక్కనే 'ఫార్వర్డింగ్ అండ్ పాప్/ఐమ్యాప్'లో తెలియని అడ్రస్ ఉంటే అదీ తీసేయండి. 'అకౌంట్స్' అన్న చోట 'గ్రాంట్ యాక్సెస్' కింద వేరేవాళ్ల పేరు ఉందేమో చూడండి. ఔట్‌లుక్ వాడేవాళ్లకి ఇవే 'రూల్స్', 'ఫార్వర్డింగ్' అన్న పేర్లతో ఉంటాయి.

ఇవి శుభ్రమయ్యాకే మెయిల్ పాస్‌వర్డ్ మార్చండి. మార్చాక సెక్యూరిటీ పేజీలో డివైజులు, మెయిల్ చదివే అనుమతి ఉన్న బయటి యాప్‌లు, యాప్ పాస్‌వర్డ్‌లు (ఒక్కో యాప్‌కి విడిగా ఇచ్చేవి) చూసి, తెలియనివి పీకేయండి. పాస్‌వర్డ్ మారిస్తే అన్నీ వాటంతటవే సైన్ అవుట్ అయిపోతాయనుకోవద్దు, కొన్ని మిగులుతాయి. షాపింగ్, ఫేస్‌బుక్‌ల సంగతి ఆఖర్న. ముందే మొదలెడితే ఆ రీసెట్ లింకులు కూడా దొంగకే పోతాయి. నేను రెండుసార్లు చేసిన తప్పు అదే. పలాస ఆయన డబ్బులు తిరిగిచ్చేశాను. ఫోటోలు మాత్రం తెచ్చివ్వలేకపోయాను.

కోడ్ ఎవరి నంబరుకో పోతోంది

రికవరీ నంబరు, అంటే ఎకౌంట్ వెనక్కి తెచ్చుకోవడానికి ఇచ్చిన ఫోన్ నంబరు, పాతది. లేదంటే మెయిల్ తెరిచిపెట్టిన నెట్ సెంటర్ కుర్రాడిది! గల్ఫ్‌కి వెళ్తూ సిమ్ ఇంట్లో పడేసి రీచార్జ్ మానేసేవాళ్లు మన జిల్లాల్లో తక్కువేం కాదు. 90 రోజులు వాడకపోతే కనెక్షన్ తీసేయవచ్చు. ఆ తర్వాత కొన్నాళ్లకి ఆ నంబరు ఇంకొకరికి వెళ్తుంది. వాళ్లు దొంగలు కానక్కర్లేదు, కోడ్ మాత్రం వాళ్లకే వెళ్తుంది. నంబరు మార్చుకోండి. మార్చాక కూడా 7 రోజుల వరకు పాత నంబరుకి కోడ్ పంపే వీలు గూగుల్ ఉంచుతుంది. కంగారు పడకండి. దొంగ మీ నంబరు తీసేసినా ఆ వారంలోపు మీరు వెనక్కి తెచ్చుకోవడానికి పెట్టిన వెసులుబాటే అది.

"నీ పాస్‌వర్డ్ ఇదీ, నీ వీడియో నా దగ్గరుంది, బిట్‌కాయిన్ పంపు"

ఇలాంటి మెయిల్లో పాస్‌వర్డ్ నిజంగా మీదే అయ్యేసరికి చెమటలు పడతాయి. అది పాత లీకులోంచి ఏరింది. వీడియో ఉందన్నది ఉత్త బెదిరింపు. రూపాయి పంపకండి, జవాబివ్వకండి. ఆ పాస్‌వర్డ్ ఇంకా ఎక్కడైనా వాడుతుంటే మార్చండి.

వాట్సాప్ వేరేవాళ్ల చేతిలో ఉంది

'లింక్‌డ్ డివైజెస్' చూసి తెలియనివి లాగ్ అవుట్ చేయండి. మీ ఫోన్లో అసలు తెరుచుకోకపోతే మీ నంబరుతో మళ్లీ రిజిస్టర్ అవ్వండి, వాడు బయటికి పోతాడు. వాడు పిన్ పెట్టి ఉంటే 7 రోజులు ఆగాల్సి వస్తుంది. తిరిగొచ్చాక మీ పిన్ పెట్టుకోండి. ఈలోగా చుట్టాలకి ఫోన్ చేసి చెప్పండి, "అర్జెంటుగా పదివేలు పంపు మావా" అన్న మెసేజ్ వాళ్లకి మీ పేరుతోనే వెళ్తుంది.

సిమ్ స్వాప్ (మీ నంబరుతో దొంగ వేరే సిమ్ తీసుకోవడం), కీలాగర్ (మీరు టైప్ చేసేది దొంగిలించే ప్రోగ్రాం), కాల్ ఫార్వర్డింగ్ (మీ కాల్స్ వేరే నంబరుకి మళ్లించడం) లాంటివి లేవని కాదు. ఉన్నట్టుండి సిగ్నల్ పూర్తిగా పోతే సిమ్ స్వాప్ అనుమానించి కంపెనీ స్టోర్‌కి పరుగెత్తండి. మిగతావి పైవన్నీ చూశాకే. గూగుల్ సర్వర్‌నే ఎవరో హ్యాక్ చేసి మీ దాకా వచ్చారేమోనని అడగొద్దు.

డబ్బు పోయి ఉంటే ఇదంతా తర్వాత. ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, బ్యాంకుకి చెప్పండి. షాపుకి వచ్చేటప్పుడు ఫోన్‌తో పాటు బిన్‌లోని మెయిళ్ల స్క్రీన్‌షాట్లు తెండి. ఫోన్ రీసెట్ మాత్రం చేసుకుని రాకండి.