సూత్రం వచ్చు, జవాబు రాదు: సంభావ్యత, ప్రస్తారాలు, జ్యామితి లెక్కల్లో తప్పు పట్టుకోవడం ఎలా?

నల్లగొండలోనో పాలమూరులోనో రూము తీసుకుని ఐసెట్‌కో, అందరం ఇంకా ఎంసెట్ అనే పిలిచే ఈఏపీసెట్‌కో చదివే పిల్లల్లో ఒక సంగతి తరచూ కనిపిస్తుంది. సూత్రాలు అడిగితే టకటకా చెప్తారు. మాక్ టెస్టులో మాత్రం సంభావ్యత, ప్రస్తారాలు–సంయోగాలు, జ్యామితి దగ్గరే మార్కులు పోతాయి. అప్పుడు ఇంకో వంద లెక్కలు చెయ్యమని సలహా ఇస్తారు. తప్పు ఎక్కడుందో తేలకుండా వంద చేస్తే అదే తప్పు వందసార్లు అలవాటవుతుంది. నేను చూసినంతలో చాలా తప్పులు సూత్రం రాయకముందే జరిగిపోతున్నాయి. దేన్ని లెక్కపెడుతున్నామో తేల్చుకోకుండానే పెన్ను కదులుతోంది. అందుకే కింద లక్షణాన్ని బట్టి కారణం, దానికి మందు రాశాను. మీ తప్పు ఏ రకమో చూసుకుని అక్కడికి వెళ్లండి.

లక్షణం: మీ జవాబు అసలు జవాబుకు రెండింతలో, ఆరింతలో, సగమో వస్తోంది

కారణం: వరుసకు విలువ ఉందా లేదా అన్నది చూడలేదు.

నాగార్జునసాగర్ డ్యామ్‌కు 26 క్రెస్ట్ గేట్లు. వాటిలో ఏవైనా రెండింటిని ఎత్తాలి. ఎన్ని రకాలుగా ఎంచుకోవచ్చు? 26 × 25 = 650 అని రాసేవాళ్లు చాలామంది. ఇక్కడ ఒక్క ప్రశ్న వేసుకోండి: ఎంచుకున్న రెండింటినీ అటూ ఇటూ మారిస్తే కొత్తది వస్తుందా? 5వ గేటు, 9వ గేటు అన్నా, 9వది, 5వది అన్నా పైకి లేచేవి అవే రెండు గేట్లు. కొత్తది రాలేదు కాబట్టి సంయోగం. 26సి2 = (26 × 25)/2 = 325. అదే ‘ముందు ఒకటి ఎత్తి, గంట తర్వాత ఇంకొకటి ఎత్తితే’ అని అడిగితే మార్చినప్పుడు కొత్తది వస్తుంది. అప్పుడు 650 సరైనదే.

అసలు ప్రమాదం దీని తర్వాత ఉంది. ‘యాదృచ్ఛికంగా ఎంచిన రెండు గేట్లు పక్కపక్కన ఉండే సంభావ్యత ఎంత?’ అన్నారనుకోండి. పక్కపక్క జంటలు 1–2, 2–3 అలా 25–26 దాకా, మొత్తం 25. పైన 25 పెట్టి కింద 650 పెడితే 1/26 వస్తుంది. అది తప్పు. పైన జంటల్ని వరుస లేకుండా లెక్కపెట్టి, కింద వరుసతో లెక్కపెట్టారు. రెండూ ఒకే పద్ధతిలో ఉండాలి: 25/325 = 1/13. కావాలంటే వరుసతోనే చెయ్యండి, 50/650. అదీ 1/13యే. ప్రశ్న తయారుచేసేవాళ్లకు ఈ తప్పు తెలుసు. 1/26 కూడా ఆప్షన్లలో ఉంటుంది, ‘జవాబు దొరికింది’ అనుకుని మీరు ముందుకు వెళ్లిపోతారు. అందుకే సంభావ్యత లెక్కలో పైన, కింద ఏ పద్ధతి వాడారో పక్కన ఒక్క మాట రాసుకునే అలవాటు చేసుకోండి: ‘వరుస ఉంది’ లేదా ‘వరుస లేదు’.

లక్షణం: ‘కనీసం ఒకరు’ అన్న చోట లెక్క మరీ పెద్దదైపోతోంది

నా ఉద్దేశంలో ఈ చాప్టర్ మొత్తంలో అందరినీ పడగొట్టే తప్పు ఇదే, ఎందుకంటే ఇది చూడ్డానికి చక్కగా సరైనదిలా ఉంటుంది.

ఊళ్లో బతుకమ్మ ఏర్పాట్లకు ముగ్గురితో కమిటీ వెయ్యాలి. ముందుకొచ్చినవాళ్లు ఐదుగురు మగవాళ్లు, నలుగురు ఆడవాళ్లు. కనీసం ఒక మహిళ ఉండాలి. మనసుకు వెంటనే తోచే దారి: ముందు ఒక మహిళను ఎంచుకుందాం, 4 రకాలు. మిగిలిన ఎనిమిది మందిలో ఎవరైనా ఇద్దరు, 8సి2 = 28. మొత్తం 4 × 28 = 112.

ఇప్పుడు షరతు లేకుండా మొత్తం కమిటీలు ఎన్నో చూడండి. 9సి3 = 84. షరతు పెడితే తగ్గాల్సింది పెరిగింది! కారణం: ఇద్దరు మహిళలున్న కమిటీని, ఎవరిని ‘ముందు’ ఎంచుకున్నామన్న తేడాతో రెండుసార్లు లెక్కపెట్టాం. ముగ్గురూ మహిళలే అయిన కమిటీని మూడుసార్లు. విడదీస్తే స్పష్టంగా కనిపిస్తుంది: ఒక మహిళ ఉన్నవి 4 × 10 = 40, ఇద్దరున్నవి 6 × 5 = 30, ముగ్గురున్నవి 4. కూడితే 74. మన 112 అంటే 40 + 60 + 12.

పరిష్కారం: ‘కనీసం ఒకటి’ కనబడగానే ‘ఒక్కటీ లేనివి’ లెక్కగట్టి మొత్తంలోంచి తీసెయ్యండి. 84 − 5సి3 = 84 − 10 = 74. ‘కనీసం ఇద్దరు’ అంటే మాత్రం ఒక్కరూ లేనివీ, సరిగ్గా ఒక్కరున్నవీ రెండూ తీసెయ్యాలి. ఇక్కడ చాలామంది మొదటిదాన్ని తీసేసి ఆగిపోతారు.

లక్షణం: అక్షరాల అమరికలో జవాబు ఆప్షన్లన్నింటికంటే ఎక్కువ వస్తోంది

రెండుసార్లు వచ్చిన అక్షరాన్ని వేర్వేరుగా చూశారు. నల్గొండను ఇంగ్లిష్‌లో రాస్తే ఎన్, ఏ, ఎల్, జి, ఓ, ఎన్, డి, ఏ. ఎనిమిది అక్షరాలు, అందులో ఎన్ రెండు, ఏ రెండు. అమరికలు 8!/(2! × 2!) = 10,080. అచ్చులు మూడూ (ఏ, ఓ, ఏ) కలిసే ఉండాలంటే వాటిని ఒక కట్టగా తీసుకోండి. కట్టతో కలిపి ఆరు వస్తువులు, అందులో ఎన్ రెండు: 6!/2! = 360. కట్ట లోపల 3!/2! = 3 రకాలు. మొత్తం 1,080. కట్ట లోపలి అమరికను మరవడం, లేదా అక్కడ 3! అని రాసెయ్యడం మామూలుగా జరిగే పొరపాటు.

లక్షణం: పాచికలు, నాణేల లెక్కలో హారం తప్పుతోంది

రెండు పాచికల మొత్తం 2 నుంచి 12 దాకా 11 విలువలు కాబట్టి 7 వచ్చే సంభావ్యత 1/11 అంటారు. ఆ 11 విలువలూ సమానంగా రావు. 2 ఒకే రకంగా వస్తుంది, 7 ఆరు రకాలుగా వస్తుంది. సరైనది 6/36, అంటే 1/6. ఇలా తప్పినందుకు సిగ్గుపడకండి. డాలంబేర్ అంతటి ఫ్రెంచ్ గణితవేత్త, రెండుసార్లు నాణెం ఎగరేస్తే కనీసం ఒక బొమ్మ పడే సంభావ్యత 2/3 అని 1754లో అచ్చులో రాశాడు. సరైనది 3/4. పాచికకు ఒక రంగు, ఇంకోదానికి ఒక రంగు అనుకుని 36 గళ్ల పట్టిక ఒక్కసారి చేత్తో వేయండి. చాలు.

లక్షణం: వైశాల్యాల నిష్పత్తి తప్పుతోంది

ఇక్కడ కారణాలు రెండు. మొదటిది పొడవుల నిష్పత్తినే వైశాల్యానికి వాడెయ్యడం. చెలక కొలతలు ఇంట్లో విన్నవాళ్లకు ఇది తేలిగ్గా పట్టుబడాలి. గుంట అంటే 121 చదరపు గజాలు, చదరంగా వేస్తే పక్కకు 11 గజాలు. పక్కను 22 గజాలు చేస్తే 484 చదరపు గజాలు, అంటే రెండు గుంటలు కాదు, నాలుగు. పొడవు రెండింతలైతే వైశాల్యం నాలుగింతలు, గోళమో శంకువో అన్ని కొలతల్లోనూ రెండింతలైతే ఘనపరిమాణం ఎనిమిదింతలు.

రెండోది ఏ పొడవుకు ఏ పొడవు అన్నది చూడకపోవడం. త్రిభుజం ఏబీసీలో బీసీకి సమాంతరంగా డీఈ గీశారు, ఏడీ : డీబీ = 2 : 3. చిన్న త్రిభుజానికి, కింద మిగిలిన సమలంబ చతుర్భుజానికి వైశాల్యాల నిష్పత్తి? 4 : 9 అని గుర్తు పెట్టేస్తారు. సరూప త్రిభుజాలు ఏడీఈ, ఏబీసీ. కాబట్టి చూడాల్సింది ఏడీ : ఏబీ, అంటే 2 : 5. వైశాల్యాలు 4 : 25, కింద మిగిలింది 21. జవాబు 4 : 21.

లక్షణం: వృత్తం, స్పర్శరేఖ లెక్కలో ఎక్కడ మొదలుపెట్టాలో తెలియట్లేదు

ఇచ్చిన బొమ్మలో ఒక గీత తక్కువ ఉంటుంది. కేంద్రం నుంచి స్పర్శబిందువుకు వ్యాసార్థం గీయండి. లంబకోణం అక్కడే, ఇంకెక్కడా కాదు. కేంద్రం నుంచి 13 సెం.మీ. దూరంలో బిందువు, వ్యాసార్థం 5 అయితే కర్ణం 13, స్పర్శరేఖ 12. 169కి 25 కలిపితే లంబకోణం తప్పు మూల దగ్గర పెట్టుకున్నట్టే. బొమ్మ ఇచ్చినా మీ చేత్తో మళ్లీ గీసుకోండి. కంటికి సమానంగా కనిపించినవి సమానమని ప్రశ్నలో రాసి ఉంటేనే నమ్మండి.

లక్షణం: ఇంట్లో వస్తోంది, పరీక్షలో రావట్లేదు

ఐసెట్‌లో 200 ప్రశ్నలకు 150 నిమిషాలు, ప్రశ్నకు 45 సెకన్లు. ఈఏపీసెట్‌లో 160 ప్రశ్నలకు 180 నిమిషాలు. రెండింటిలోనూ నెగెటివ్ మార్కులు లేవు. కాబట్టి ఒక్కటీ ఖాళీగా వదలొద్దు, ఒక్కదాని దగ్గరే కూర్చోనూ వద్దు. ‘కనీసం’, ‘కలిసి’, ‘తిరిగి పెట్టకుండా’ లాంటి మాట కనబడితే రఫ్ కాగితం మీద రాసుకుని, ఏ పద్ధతో పది సెకన్లలో తేలకపోతే గుర్తు పెట్టుకుని ముందుకు వెళ్లండి.

ఇంటి దగ్గర మాత్రం సంఖ్యలు చిన్నవి చేసి సరిచూసుకోండి. 26 గేట్ల బదులు 4 గేట్లు, తొమ్మిది మంది బదులు నలుగురు. అన్నీ చేత్తో రాసి లెక్కపెట్టి, మీ పద్ధతి అదే సంఖ్య ఇస్తుందో లేదో చూడండి.

ఒకటి చేసి చూడండి: మహబూబ్‌నగర్‌ను ఇంగ్లిష్‌లో MAHBUBNAGAR అని రాస్తే 11 అక్షరాలు, ఏ మూడు, బి రెండు. మొత్తం అమరికలు 33,26,400. మూడు ఏలూ కలిసి ఉండేవి 1,81,440, సంభావ్యత 3/55. రెండో సంఖ్య మీకు 10,88,640 వస్తే, కట్ట లోపల ఒకేలా ఉన్న మూడు ఏలను 3! రకాలుగా మార్చినట్టు.