గ్రూపులో చేర్చినా షేర్డ్ మెయిల్ ఫోల్డర్ కనపడట్లేదా? డవ్‌కాట్‌లో యాడ చూడాలంటే

సమస్య ఇదీ. చీమకుర్తిలో ఒక గ్రానైట్ ఎక్స్‌పోర్ట్ ఆఫీసుకి మెయిల్ సర్వర్ నేను చూస్తా, లైనక్స్ మీద డవ్‌కాట్ 2.3 (మెయిల్స్ దాచి యూజర్లకి చూపించే సాఫ్ట్‌వేర్). బయ్యర్ల ఆర్డర్లు, బిల్ ఆఫ్ లేడింగ్ కాపీలు అన్నీ ఒకే షేర్డ్ ఫోల్డర్‌లో పడతాయి, దాన్ని ఎక్స్‌పోర్ట్ అనే గ్రూపుకి ఇచ్చాం. డాక్యుమెంట్ల సెక్షన్‌లో కొత్తగా చేరిన అమ్మాయిని గ్రూపులో కలిపా, అయినా ఆమె థండర్‌బర్డ్‌లో ఆ ఫోల్డరే లేదు, పక్క సీటాయనకి మాత్రం బ్రహ్మాండంగా కనపడతా ఉంది. కంటైనర్ బయల్దేరే రోజు ప్యాకింగ్ లిస్టులో స్లాబుల సైజు మార్చమని బయ్యర్ పెట్టిన మెయిల్ ఆ పిల్లకి అందలేదు, పాపం మాటలు పడింది, తప్పు తనది కానే కాదు. అందుకే ఇంత వివరంగా రాస్తన్నా.

కారణం ఏందంటే, అదే మెషీన్‌లో సాంబా (ఆఫీసు ఫైళ్ళు పంచుకునే సాఫ్ట్‌వేర్) కూడా ఉంది కాబట్టి అందరికీ లైనక్స్ అకౌంట్లున్నాయి, నేను యూజర్‌మాడ్‌తో గ్రూపులో చేర్చి, ఐడీ కమాండ్ కొట్టి, గ్రూపు పేరు కనపడగానే పనైపోయిందనుకున్నా. డవ్‌కాట్ ఏసీఎల్ (ఏ ఫోల్డర్ మీద ఎవరికి ఏ హక్కులో తేల్చేది) అసలు ఈ లైనక్స్ గ్రూపుల వంక చూడదండీ. యూజర్‌డీబీ (యూజర్ల వివరాలు డవ్‌కాట్ తెచ్చుకునే చోటు) నుంచి ఏసీఎల్_గ్రూప్స్ అనే ఫీల్డ్‌లో ఏ పేర్లొస్తే అవే దానికి గ్రూపులు, ఒకటి కంటే ఎక్కువుంటే మధ్యలో కామా పెట్టాలి. మా మెయిల్ యూజర్లు మైఎస్‌క్యూఎల్ టేబుల్‌లో ఉన్నారు, పక్క సీటాయన వరుసలో ఆ పేరు ఎప్పుడో ఎక్కించి ఉంది, ఈమె వరుసలో ఖాళీ.

కాబట్టి ఫోల్డర్ జోలికి పోకముందే డవ్‌కాట్‌తో వచ్చే డవ్అడ్మ్ యూజర్ కమాండ్ పక్కన మెయిల్ ఐడీ ఇచ్చి కొట్టండి. వచ్చిన లైన్లలో ఏసీఎల్_గ్రూప్స్ లేకపోతే టేబుల్‌లో పేరు ఎక్కించి, యూజర్ క్వెరీ (టేబుల్ నుంచి యూజర్ వివరాలు అడిగే లైను) ఆ కాలమ్‌ని అదే పేరుతో తెస్తా ఉందో లేదో చూడండి. ఇక్కడ ఒక మెలిక ఉంది. ప్రీఫెచ్ (లాగిన్‌లో పాస్‌వర్డ్‌తో పాటే యూజర్ వివరాలూ తెచ్చుకునే పద్ధతి) వాడే సర్వర్లలో డవ్అడ్మ్ యూజర్ క్వెరీని అడుగుతుంది, లాగిన్ మాత్రం పాస్‌వర్డ్ క్వెరీతోనే సరిపెట్టుకుంటుంది, అంటే కమాండ్‌లో గ్రూపు కనపడతది, మనిషికి ఫోల్డర్ రాదు! పాస్‌వర్డ్ క్వెరీలో కూడా యూజర్‌డీబీ_ఏసీఎల్_గ్రూప్స్ అని పెడితేనే తీరేది. ఆథ్ క్యాష్ (లాగిన్ వివరాల తాత్కాలిక నిల్వ) ఆన్‌లో ఉంటే ఫ్లష్ చేయండి, యూజర్ని బయటికొచ్చి మళ్ళీ లాగిన్ అవమనండి, పాత సెషన్‌కి కొత్త గ్రూపు తెలీదు.

గ్రూపు వచ్చినా ఫోల్డర్ రాలేదంటే డవ్అడ్మ్ ఏసీఎల్ డీబగ్ కొట్టండి, ఆ యూజర్‌కి ఆ ఫోల్డర్ మీద ఏ హక్కులున్నాయో అదే చెప్తది. ఎల్ అనే అక్షరం లేకపోతే ఆర్ (చదివే హక్కు) ఉన్నా లిస్టులో పేరే రాదు. చదవడానికి, ఫ్లాగులు మార్చడానికి ఎల్, ఆర్, డబ్ల్యూ, ఎస్ చాలు. డిలీట్‌కి సంబంధించిన టీ, ఈ అందరికీ ఇవ్వొద్దని నా మాట, ఎక్స్‌పోర్ట్ కాగితాలు పోతే తెచ్చేవాళ్ళు లేరు. ఈ హక్కులు రాసుండే డవ్‌కాట్-ఏసీఎల్ ఫైల్లో ఆ మనిషి పేరు మీద పాత యూజర్ లైను ఏదన్నా మిగిలుందేమో కూడా చూడండి, యూజర్ లైను ముందు గ్రూపు లైను నిలవదు.

లాగ్‌లో పర్మిషన్ డినైడ్ అని వస్తే మటుకు అది ఫైలు గొడవ, రూట్‌గా ఎడిట్ చేసినప్పుడు డవ్‌కాట్-ఏసీఎల్ ఫైలు రూట్ పేరు మీదికి పోయి ఉంటది, వీమెయిల్ యూజర్‌కి (మెయిల్ ఫైళ్ళు ఎవరి పేరు మీదుంటాయో ఆ లైనక్స్ అకౌంట్‌కి) మార్చేయండి. వేరేవాళ్ళ మెయిల్‌బాక్స్ నుంచి షేర్ చేసిందైతే ఫైల్ని చేత్తో దిద్దకుండా డవ్అడ్మ్ ఏసీఎల్ సెట్‌తోనే ఇవ్వండి, ఇప్పటికే దిద్దేసుంటే డవ్అడ్మ్ ఏసీఎల్ రీకాల్క్‌ని ఆ ఫోల్డర్ ఓనర్ పేరు మీద ఒకసారి నడపండి, లేకపోతే షేర్డ్ లిస్టులోకి ఎక్కదు.

ఇవన్నీ సరిగ్గా ఉన్నా ఆ అమ్మాయికి ఇంకో పది నిమిషాలు కనపడలేదు. థండర్‌బర్డ్‌లో అకౌంట్ మీద రైట్ క్లిక్ కొట్టి సబ్‌స్క్రైబ్‌లో ఆ ఫోల్డర్‌కి టిక్ పెట్టించా, వెంటనే వచ్చేసింది.